మా బల్లలు మబ్బెక్కిన వైనం

మా ఊరి నీటి సరఫరా సంస్థ ఒకటో తారీకు ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకు లాంఛనంగా మబ్బుల్లోకి వెళ్ళిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇందులో విడ్డూరమేమీ లేదు. నీళ్ళు వచ్చేది మబ్బుల్లోంచే కాబట్టి నీళ్ళ ఆఫీసు కూడా అక్కడే ఉండడం సబబని మా పెద్దసారు సభలో సెలవిచ్చారు. మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నవాడి సామెత ఒకటుందని వెనక వరసలో ఎవరో గొణిగారు గానీ, ఆ గొణుగుడు సభా కార్యక్రమాల నివేదికలోకి ఎక్కలేదు. ఆ నివేదిక రాసింది నేనే. నేను టపా విభాగంలో గుమాస్తాను. ఇరవై రెండేళ్ళుగా వచ్చిన కాగితం మీద ముద్ర వేసి పై మేడకి, పోయే కాగితం మీద ముద్ర వేసి వీధిలోకి పంపుతున్నాను.

మబ్బుల్లోకి వెళ్ళడమంటే మేం వెళ్ళడం కాదు. మేం ఆ పాత మేడలోనే, పెచ్చులూడిన గోడల మధ్యే ఉన్నాం. వెళ్ళినవి మా కంప్యూటర్లు. ఇదివరకు ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర ఒక్కొక్క ఇనప పెట్టె గుర్రుమంటూ ఉండేది. చలికాలంలో పాదాలకి వెచ్చగా కూడా ఉండేది. ఇప్పుడు దాని బదులు సబ్బు పెట్టెంత డబ్బా ఒకటి, దానికో తెరా ఇచ్చారు. అసలు కంప్యూటరు ఎక్కడో, ఎవరిదో పెద్ద భవనంలో ఉంటుందట. మనకి ఇక్కడ కనిపించేది దాని బొమ్మేనట.

"అంటే పొలం అమ్మేసి, పొలం ఫొటో గోడకి తగిలించుకోవడం లాంటిదన్నమాట" అన్నాను నేను.

ఈ మబ్బు కంప్యూటర్లు అమ్మిన కంపెనీ తరఫున వచ్చినాయన నల్ల చొక్కా వేసుకున్న నిదానస్థుడు. "అలా కాదండీ. ఈ ఫొటోలో వ్యవసాయం కూడా చేసుకోవచ్చు" అని ఓపిగ్గా చెప్పాడు. నాకు సందేహం తీరిపోయింది. తీరనివాళ్ళు చేతులెత్తమన్నారు. ఎవరూ ఎత్తలేదు. చెయ్యెత్తితే అర్థం కాలేదని అందరికీ అర్థమైపోతుంది.

ఆ కంపెనీ తన సరుకుకి ఎంతో ఆలోచించి, జనం నోట పలికే తేలిక మాట కావాలని వెతికి, "బల్ల" అని పేరు పెట్టింది. తెరమీద మనం మొదట నొక్కవలసిన బొమ్మ పేరు బల్ల. అది నొక్కితే తెరుచుకునే మబ్బు కంప్యూటరు పేరు బల్ల. ఆ కంప్యూటర్లో మేం పని చేసుకోవలసిన సాఫ్ట్‌వేరు పేరూ బల్లే. అంటే బల్ల నొక్కి, బల్లలోకి వెళ్ళి, బల్ల తెరిచి పని చేయాలి. ఇవిగాక, కొత్తగా నేర్చుకునేవాళ్ళు తప్పులు చేసినా కొంప మునగకుండా ఉత్తుత్తి బల్ల ఒకటి విడిగా ఇచ్చారు. దాని పేరు "నా బల్ల".

అన్నింటికీ ఒకటే పేరు దేనికని బిల్లుల విభాగం పెద్దాయన అడిగాడు.

"ఒక్క పేరు గుర్తుపెట్టుకుంటే చాలు కదండీ" అన్నాడు కంపెనీ ఆయన.

దీనికి తిరుగు లేదు. నలుగురు పిల్లలున్న ఇంట్లో నలుగురికీ ఒకటే పేరు పెట్టుకుంటే తల్లిదండ్రులకి ఎంత సుఖమో మనం ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. ఒక్క పిలుపుకి నలుగురూ వస్తారు. లేదా ఒక్కడూ రాడు.

ఇక్కడ షెడ్యూలు అక్క గురించి చెప్పాలి. ఆవిడ పదిహేడేళ్ళుగా వాల్వుల విభాగంలో ఉంది. ఏ వీధికి ఏ రోజు, ఏ వేళకి నీళ్ళు వదలాలో పట్టిక వేసేది ఆవిడే. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ అక్కే. పెద్దసారు కూడా పొరపాటున ఒకటి రెండుసార్లు అక్కా అనేసి దగ్గినట్టు నటించారు. మా ఊరు సగం పల్లంలోనూ సగం మిట్టమీదా ఉంటుంది. పల్లం వీధుల వాల్వు పూర్తిగా కట్టేస్తేగాని మిట్ట వీధికి నీరెక్కదు. కట్టడం పది నిమిషాలు ఆలస్యమైతే మిట్టవాళ్ళ కుళాయిలు బుసకొట్టి ఊరుకుంటాయి. నీరు పల్లమెరుగు అన్నారు. మిట్ట ఎరిగినది మాత్రం మా ఊళ్ళో అక్క ఒక్కతే.

కొత్త పద్ధతిలో ఆవిడ వేసిన పట్టిక బల్లలో ఉంటుంది. రోజూ ఉదయం ఆరింటికి బల్ల తనంతట తానే వాల్వులు తిప్పే లైన్‌మన్ ఫోన్‌కి కబురు పంపుతుంది. ఫలానా వాల్వు తెరువు, ఫలానా వాల్వు కట్టు అని. ఆయన తిప్పుతాడు. మధ్యలో మనుషులు మాట్లాడుకోవలసిన అవసరం బొత్తిగా ఉండదు. మనుషులు మాట్లాడుకోవడం వల్లే సగం పొరపాట్లు జరుగుతున్నాయని కంపెనీవారి లెక్కల్లో తేలిందట.

రెండో వారంలో ఒక సర్క్యులర్ వచ్చింది. దాన్ని అన్ని విభాగాలకీ పంచింది నేనే కాబట్టి మాటకి మాట గుర్తుంది. "వచ్చే శనివారం సాయంత్రం అయిదు గంటల తరవాత పాత బల్లలన్నియు తొలగించబడును. సిబ్బంది తమ తమ బల్లలలోని విలువైన వాటిని ఈలోగానే భద్రపరచుకొనవలెను." తొలివిడతగా ఇచ్చిన సాఫ్ట్‌వేరు తీసేసి దాని స్థానంలో మెరుగైనది పెడతామని కంపెనీవారి ఉద్దేశం. కానీ మా స్టోరుకీపరు కాగితం మీద ఉన్నది చదువుతాడు గానీ, కాగితం వెనక ఉన్నది చదవడు. మక్కీకి మక్కీ చేస్తాడు కాబట్టి అందరం మక్కీగారు అంటాం. ఆయన శనివారం సాయంత్రం అయిదూ అయిదుకి నలుగురు కూలీలతో వచ్చి, నలభై మూడు చెక్క బల్లలూ గోడౌన్‌కి మోయించేశాడు. అద్దాల కింద పెట్టుకున్న పిల్లల ఫొటోలు, సొరుగుల్లో ఉన్న కళ్ళజోళ్ళు, మాత్రలు, దువ్వెనలు అన్నీ బల్లలతోనే వెళ్ళాయి. భద్రపరచుకోండని ముందే చెప్పారు కదా.

సోమవారం మేం వచ్చేసరికి ఆఫీసు పెళ్ళివారు ఖాళీ చేసిన విడిదిల్లులా ఉంది. తెరలు నేలమీద వరసగా ఉన్నాయి. గంటసేపు ఏం చేయాలో తోచక నిలబడ్డాం. ఆ తరవాత మనిషన్నవాడు దేనికైనా అలవాటు పడతాడన్న సత్యం రుజువైంది. బిల్లుల పెద్దాయన తెరని కిటికీ గూట్లో పెట్టుకుని నిలబడే పని మొదలుపెట్టాడు. ఇద్దరు ముగ్గురు పాత రిజిస్టర్లు దొంతరపెట్టి దానిమీద పెట్టుకున్నారు. అక్క చెత్తబుట్ట బోర్లించి దానిమీద పెట్టుకుంది. నేను కాగితాలు మోకాలిమీద పెట్టుకుని ముద్రలు వేశాను. ఆ వారం మా ఊళ్ళో అందరికీ అందిన ఉత్తరాల మీద ముద్ర కొంచెం గుండ్రంగా, మోకాలి ఆకారంలో ఉండడానికి అదే కారణం.

పెద్దసారు కోపంతో మక్కీగారిని పిలిపించబోతుండగా, పై కార్యాలయం నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి దిగాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఆహా! ఎంత విశాలంగా ఉంది! బల్లలు కూడా తీసేశారా?" అన్నాడు.

పెద్దసారుకి ఒక్క క్షణం పట్టింది. "తీసేశాం సార్. అంతా మబ్బుల్లోకి వెళ్ళాక ఇంకా చెక్క దేనికని" అన్నారు.

ఆ ఒక్క వాక్యంతో మా ఖర్మ ఖాయమైంది. మర్నాడు సమావేశంలో పెద్దసారు, "దేశంలోనే మొట్టమొదటి బల్లలు లేని కార్యాలయం మనదేనని బల్లగుద్ది చెబుతున్నాను" అంటూ అలవాటుగా చెయ్యెత్తి దించారు. అక్కడ బల్ల లేదు. ఆ దెబ్బ ఆయన తొడమీదే పడింది. మేం చప్పట్లు కొట్టాం. బల్లకింద చేతులు చాపే అలవాటున్న ఒకరిద్దరు మాత్రం చప్పట్లు కొట్టేటప్పుడు కొంచెం దిగులుగా కనిపించారు.

ఇలాంటి తికమక మళ్ళీ రాకూడదని వెంటనే ఇంకో ఉత్తర్వు వేశారు. ఇకపై బల్ల అన్న మాట మబ్బు బల్లకే చెల్లుతుంది. చెక్కదాన్ని "భౌతిక ఉపరితలం" అనాలి. దీనివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ తరవాత ఉపరితలాలు తిరిగిమ్మని ఎవరో మక్కీగారిని బతిమాలితే ఆయన రిజిస్టరు తీసి చూపించాడు. గోడౌన్లో బల్లలు నలభై మూడు. ఉపరితలాలు సున్న. లేనివి ఎలా ఇస్తాడు?

ఇలా నెల గడిచింది. పొరుగూళ్ళ సంస్థలవాళ్ళు మా ఆఫీసు చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళు వస్తున్నారంటే మేం చెత్తబుట్టలు తుడిచి, నవ్వుతూ నిలబడేవాళ్ళం.

అసలు సంగతి జరిగింది ఒక బుధవారం.

మిట్ట వీధికి నీళ్ళ వంతు సోమ, బుధ, శుక్రవారాలు. ఆ వీధి చివర ఇరవై పడకల ప్రసూతి ఆసుపత్రి ఉంది. అక్క ఆడపడుచు అందులో పెద్ద నర్సు. బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకి అక్కకి ఆవిడ ఫోన్ చేసింది. నా కుర్చీ అక్క చెత్తబుట్టకి పక్కనే కాబట్టి, గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"వదినా, ఇవాళ నీళ్ళు వదల్లేదా?"

"వదలకపోవడమేమిటి? పొద్దున ఏడింటినుంచీ వస్తున్నాయిగా. నా తెరమీద మిట్ట వీధి పచ్చగా ఉంది."

"నీ తెరకి బిందె పెట్టి పట్టుకోమంటావా? ఇక్కడ చుక్క లేదు. సోమవారమూ రాలేదు. ఏదో ఆలస్యమైందిలే అని ఊరుకున్నాం. ట్యాంకు అడుగు కనిపిస్తోంది వదినా. లోపల ఇద్దరు నొప్పులు పడుతున్నారు. మూడో ఆవిణ్ణి ఇప్పుడే తీసుకొచ్చారు."

అక్క మొహంలో రంగు మారింది. పదిహేడేళ్ళలో మిట్ట వీధికి వరసగా రెండు వంతులు తప్పిపోవడం అదే మొదలు. లైన్‌మన్‌కి ఫోన్ చేసింది. ఆయన్ని అందరం మావయ్యా అంటాం. వాల్వు తిప్పీ తిప్పీ ఆయన అరచేతులు చెప్పు అట్టలయ్యాయి.

"మావయ్యా, మిట్ట తెరవలేదా?"

"తెరవమని రాలేదమ్మాయ్. సోమవారం నుంచీ ఫోన్లో పల్లం అనే వస్తోంది. పల్లంలో నీళ్ళు వీధుల్లో పారుతున్నాయి. నాకూ తేడాగానే అనిపించింది. మరి మబ్బులోంచి వచ్చిన మాట కదా, ఏదో కారణం ఉంటుందిలే అనుకున్నాను."

"ముందు పల్లం కట్టేసి మిట్ట తెరువు మావయ్యా."

"నోటిమాట మీద తిప్పానని కిందటేడు నాకు మెమో ఇచ్చారమ్మాయ్. జీతంలో పెరుగుదల ఆపేశారు. ఇంకోసారైతే ఇంటికి పంపుతామన్నారు. ఫోన్లో రావాలి, లేదా కాగితం మీద నీ సంతకం, మీ విభాగం ముద్ర ఉండాలి. నేను ఆఫీసుకే బయల్దేరి వస్తున్నా. నువ్వు ఏదో ఒకటి చెయ్యి."

పల్లం ఇలాగే తెరిచి ఉంటే పదకొండుకల్లా పెద్ద ట్యాంకులో మట్టం పడిపోతుంది. ఆ తరవాత వాల్వు తెరిచినా మిట్టకి నీరెక్కదు, శుక్రవారం దాకా అంతే సంగతులు. అక్క కంపెనీవారి సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది. ఫోను చెత్తబుట్టమీద, తెర పక్కన పెట్టింది.

"నమస్కారం. బల్లకి స్వాగతం. మీ ఇబ్బంది ఏ బల్లలోనండీ?"

"బల్లలో."

"బల్లలోనా అండీ, బల్లలోనా అండీ?"

"రెండుసార్లూ ఒకటే అన్నారు మీరు."

"కాదండీ. మొదటిది నొక్కే బల్ల, రెండోది పని చేసే బల్ల."

"పని చెయ్యని బల్ల. తెరమీద మా మిట్ట వీధికి నీళ్ళు వెళ్తున్నట్టుంది. వీధిలో నీళ్ళు లేవు."

"తెరమీద వెళ్తున్నాయి కదండీ?"

"వెళ్తున్నాయి."

"అయితే మా వైపు అంతా బాగానే ఉందండీ."

"అయ్యా, ఊళ్ళో లేవు!"

"ఊరు మా పరిధిలోకి రాదండీ." అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. "ఒక్కసారి మీ తెరమీద పైన ఏం పేరుందో చదువుతారా?"

అక్క కళ్ళజోడు సొరుగుతోపాటే గోడౌన్‌కి వెళ్ళిపోయింది కాబట్టి నేను వంగి చదివాను. "నా బల్ల" అని ఉంది. కిందటి వారందాకా అక్కడ "బల్ల" అని ఉండేది.

"అదేనండీ. ఆదివారం పేర్లు మార్చాం. బల్లని నా బల్ల చేశాం, నా బల్లని బల్ల చేశాం. 'నా' అనే మాటంటే జనానికి ఇష్టమని సర్వేలో తేలింది. అందరికీ మెయిల్ పంపాం కదండీ."

"మాకు రాలేదు."

"బల్లలోకి పంపామండీ."

"ఏ బల్లలోకి?"

అటువైపు మీటలు టకటకలాడాయి. "పాత నా బల్లలోకి అండీ."

అప్పటికి మాకు సంగతి తెలిసివచ్చింది. లైన్‌మన్‌కి కబురు పంపేది బల్ల అన్న పేరున్నది ఏదైతే అది. ఆదివారం నుంచీ ఆ పేరు ఉత్తుత్తి బల్లకి వచ్చింది. శిక్షణ రోజుల్లో బొత్తాలు ఎలా పనిచేస్తాయో చూద్దామని అక్క దాంట్లో పల్లం రోజూ తెరిచి, మిట్టని రోజూ మూసి పెట్టింది. ఊరు మూడు రోజులుగా ఆ ఉత్తుత్తి పట్టిక ప్రకారం నడుస్తోంది. అసలు పట్టిక తెరమీద పచ్చగా, అందంగా, ఎవరికీ పనికిరాకుండా ఉంది.

"ఎప్పటికి సరిచేస్తారు?"

"మూడు పనిదినాల్లో అండీ. మా సేవ మీకు నచ్చితే ఒకటి నొక్కండి."

అక్క ఫోన్ పెట్టేసింది. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని లేచి గోడౌన్‌కి నడిచింది. సాక్షి అవసరమవుతుందేమోనని నేనూ వెంట వెళ్ళాను. అంతకన్నా సాయం చేయడం నా విభాగం పని కాదు.

గోడౌన్లో నలభై రెండు బల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఉన్నాయి. నలభై మూడోది అక్కది. దాని ముందు మక్కీగారు దర్జాగా కూర్చుని రాసుకుంటున్నాడు. ఆ భవనం మొత్తంలో బల్లముందు కూర్చున్న మనిషి ఆయన ఒక్కడే.

"మక్కీగారూ, నా ముద్ర దాని సొరుగులో ఉంది. వెంటనే కావాలి."

"అర్జీ పెట్టండమ్మా."

"దేంట్లో?"

"బల్లలో."

"ఆసుపత్రిలో నీళ్ళు లేవండీ. కాన్పులున్నాయి."

ఆయన కలం దించాడు. రూళ్ళకర్రలాంటి ఆ మొహంలో ఎన్నడూ చూడని ముడత ఒకటి కదిలింది. బీరువాలోంచి సర్క్యులర్ తీశాడు. వేలుపెట్టి మొదటినుంచీ చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. బయట గోడగడియారం పదీ పది చూపిస్తోంది. అక్క కొంగు చివర నలుపుతూ నిలబడింది.

"బల్లలు తొలగించమని ఉంది. బల్లలు వెనక్కి ఇవ్వకూడదు" అన్నాడు చివరికి. "సొరుగు అన్న మాట ఇందులో ఎక్కడా లేదు."

లేచి నిలబడి, సొరుగు మొత్తం ఊడబెరికి అక్క చేతుల్లో పెట్టాడు. "జాగ్రత్తమ్మా, అడుగు చెక్క వదులుగా ఉంది" అన్నాడు. ఆ తరవాత కూర్చుని, తాను చేసిన పనికి భయపడినట్టు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

అక్క ఆ సొరుగు పసిపిల్లలా ఎత్తుకుని వసారాలోకి వచ్చేసరికి మావయ్య సైకిలు దిగాడు. వాల్వు తిప్పే కమ్మీ భుజాన ఉంది. అక్క కళ్ళజోడు తీసి పెట్టుకుంది, తెల్ల కాగితం తీసింది, కలం తీసింది. రాయడానికి ఆనుకునే చోటు లేదు. గోడమీద పెట్టబోతే పెచ్చులు రాలి కలం కాగితంలోకి దిగబడింది.

"కానియ్ అమ్మాయ్" అంటూ మావయ్య కమ్మీ పక్కన పెట్టి, మోకాళ్ళమీద చేతులు ఆన్చి వంగి నిలబడ్డాడు.

ఆవిడ ఆయన వీపుమీద కాగితం పెట్టి రాసింది. పల్లం వాల్వులు రెండూ పూర్తిగా కట్టవలెను. పది నిమిషాలు ఆగి మిట్ట వాల్వు తెరవవలెను. మధ్యాహ్నం రెండు గంటల వరకు ఉంచవలెను. సంతకం. నేను సొరుగులోంచి ముద్ర తీసి అందించాను. అంతవరకు నేను సాహసించాను.

సరిగ్గా ముద్ర వేయబోతుండగా మెట్లమీంచి మాటలు వినిపించాయి. ఆ రోజు పొరుగూరి సంస్థవాళ్ళు ఆరుగురు బల్లలు లేని కార్యాలయం చూడ్డానికి వచ్చారని హడావుడిలో మేం మరిచిపోయాం. పెద్దసారు ముందు నడుస్తూ, "మా వాళ్ళు ఎక్కడినుంచైనా పని చేయగలరు" అని చెబుతూ మలుపు తిరిగారు. ఎదురుగా వంగి ఉన్న లైన్‌మన్, ఆయన వీపుమీద కాగితం, పక్కన సొరుగు, చేత్తో ముద్ర ఎత్తి పట్టుకున్న అక్క.

ఆరుగురూ ఒకరి భుజంమీంచి ఒకరు తొంగి చూశారు.

"ఇది... ఏమిటండీ?" అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకాయన.

పెద్దసారు ఆ కుర్చీకి ఊరికే రాలేదని అప్పుడు నాకు తెలిసింది. రెప్ప కూడా వెయ్యలేదు. "ఇది మా సంచార బల్ల. మబ్బుకి అంతరాయం కలిగినప్పుడు వాడే ఏర్పాటు. కరెంటు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు. అవసరమైన చోటికి దానంతట అదే నడిచి వస్తుంది" అన్నారు.

ఆరుగురూ పుస్తకాలు తీసి రాసుకున్నారు. ఒకాయన మాత్రం కలం ఆపి, "దీని పేరు?" అని అడిగాడు.

"బల్లేనండీ" అన్నాడు మావయ్య వంగినచోటునుంచే.

అక్క ముద్ర వేసింది. ఆ దెబ్బకి మావయ్య నడుం కొంచెం కుంగింది గానీ, వెంటనే లేచి కాగితం జేబులో పెట్టుకుని, పెద్దసారుకి నమస్కారం చేసి, సైకిలెక్కాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి అంత వేగంగా సైకిలు తొక్కడం మేమెవ్వరం చూడలేదు. అప్పటికి పదిన్నర దాటింది.

ఆ తరవాత గంటసేపు అక్క ఏ పనీ చేయలేదు. సొరుగు ఒళ్ళో పెట్టుకుని, ఫోను సొరుగులో పెట్టుకుని కూర్చుంది. తెరమీద మిట్ట వీధి పచ్చగానే ఉంది. ఆవిడ దానివైపు చూడలేదు. పదకొండూ నలభైకి ఫోను మోగింది. ఆడపడుచే. కానీ వినిపించింది ఆవిడ గొంతు కాదు. ముందు గాలి బుసకొట్టిన చప్పుడు. గొట్టం రెండుసార్లు దగ్గింది. ఆ తరవాత ఖాళీ ట్యాంకు అడుగున దబదబమని నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆవిడ ఫోను ట్యాంకు మూతకి ఆనించి పట్టుకుందన్నమాట. అక్క చాలాసేపు విన్నది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇక పెట్టెయ్, పేషెంట్లని చూసుకో" అంది.

"మూడో ఆవిడకి ఆడపిల్ల వదినా. పేరేం పెట్టాలని అప్పుడే వాదించుకుంటున్నారు."

"ఏ పేరైనా పెట్టుకోమను. ఒకసారి పెట్టాక మార్చొద్దని చెప్పు" అంది అక్క.

వారం తిరక్కుండానే అక్కకి మెమో వచ్చింది. దానిమీదా నేనే ముద్ర వేశాను. అనుమతి లేని ఉపరితలాన్ని అధికారిక కార్యానికి ఎందుకు వినియోగించారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. అక్క ఒకే వాక్యంలో జవాబు రాసింది. సదరు ఉపరితలం తన ఇష్టపూర్వకంగానే వంగినదని మనవి. ఆ కాగితం పై మేడమీద ఎవరి దగ్గరో ఇప్పటికీ పరిశీలనలో ఉంది. మావయ్య వీపు మాత్రం సంచార బల్ల అన్న పేరుతో వార్షిక నివేదికలో, నూతన ఆవిష్కరణల కింద, కంపెనీ ఖాతాలో అచ్చయింది. పొరుగూరి సంస్థలో ఇద్దరు లైన్‌మెన్‌లకి వంగి నిలబడడంలో శిక్షణ మొదలైందని విన్నాను.

మక్కీగారు నెల తరవాత బల్లలన్నీ తిరిగిచ్చేశాడు. ఎవరూ ఆయనకి ఉత్తర్వు ఇవ్వలేదు. గోడౌన్‌కి సున్నం వేయవలసి ఉందనీ, సున్నం వేసేటప్పుడు సామాను ఎక్కడైనా పెట్టుకోవచ్చని పాత నిబంధన ఒకటి ఉందనీ ఆయనే వెతికి పట్టుకున్నాడు. సున్నం ఇంకా వేయలేదు. ఎప్పటికీ వేయరని మా ఆశ. సందర్శకులు వచ్చిన రోజున మాత్రం బల్లలన్నిటినీ వెనక వసారాలోకి లాగేస్తాం.

ఈ విజయాలన్నీ చూసి సంస్థ ఇక ప్రజలకి కూడా మబ్బు అందించాలని నిర్ణయించింది. కిందటి వారం నుంచీ మీ అందరి ఫోన్లలోనూ "కుళాయి" అనే యాప్ దిగి ఉండాలి. మీ వీధి వంతు రాగానే దాంట్లో చిన్న కుళాయి బొమ్మ తెరుచుకుని, నీలం చుక్కలు గలగలమని పడతాయి. చప్పుడు ఎంతో సహజంగా ఉంటుంది. మా వీధిలో మొదటిరోజు జనం బిందెలు పట్టుకుని ఫోన్ల చుట్టూ మూగారు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఏమండీ, నీళ్ళొచ్చాయి!" అని కేకేసింది. పెరట్లో కుళాయి తిప్పాను. బుసకొట్టింది.

మా పక్కింటాయన, ఎదురింటివాళ్ళు, మీరు, మీ వీధివాళ్ళు, అందరూ తార్కికంగానే ఆలోచించారు. ఫోన్లో వస్తున్న నీళ్ళు కుళాయిలో రావడం లేదంటే లోపం కుళాయిలోనే ఉండాలి కదా. ఆ వారం ఊళ్ళో ప్లంబర్లకి ఊపిరాడలేదు. కొత్త గొట్టాలు, కొత్త పిడులు, కొందరైతే ఏకంగా గోడలు పగలగొట్టించారు. మా ఫిర్యాదుల పుస్తకంలోకి మాత్రం ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఆ ఖాళీ పుస్తకం ఫొటో తీయించి పెద్దసారు గదిలో తగిలించారు. మీ సహకారానికి సంస్థ తరఫున ధన్యవాదాలు.

నేను ఈ సంస్థలో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నవాణ్ణి. లోపలి సంగతులన్నీ దగ్గరుండి చూసినవాణ్ణి. అందుకని ఇద్దరు ప్లంబర్లని పిలిపించాను.